పాలు తీసి పెట్టడం సరే, పిల్ల తాగాలి కదండీ

ఎడిటర్ గారికి నమస్కారం.

ఆగస్టు మొదటి వారం తల్లిపాల వారోత్సవాలని మీ పేపర్లో రోజూ ఏదో ఒకటి వేశారు, బాగుంది, నేను అన్నీ చదివాను, రెండు మూడు కత్తిరించి దాచుకున్నాను కూడా, ఎందుకంటే మా ఇంట్లో ఇప్పుడు ఎనిమిది నెలల మనవరాలు ఉంది. కానీ ఒకదాంట్లో ఉద్యోగానికెళ్లే తల్లులు పాలు పిండి ఫ్రిజ్‌లో పెట్టి వెళ్తే ఇంట్లో వాళ్లు పట్టొచ్చు అని ఒక్క ముక్కలో తేల్చేశారు చూడండి, అది చదివి మా ఆవిడా నేనూ మొహాలు చూసుకుని నవ్వుకున్నాం. పాలు తీసి పెట్టడం సరేనండీ, ఆ పిల్ల తాగాలి కదా! ఆ తాగించడం దగ్గర ఏం చెయ్యాలో ఎవరూ రాయరు. అందుకే నేను రాస్తున్నాను. ఉత్తరం పెద్దదైపోతుందని తెలుసు, మీకు చోటు లేకపోతే కోసెయ్యండి, కానీ ఆకలికి మాడ్చడం గురించీ తేనె గురించీ రాసినవి మాత్రం ఉంచండి.

నేను ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాను, మాది కాకినాడ. మా అమ్మాయి పురుడు మా ఇంట్లోనే డిసెంబర్‌లో అయ్యింది. ప్రసవానికి ముందే ఐదు వారాలు సెలవు వాడేసింది, డాక్టర్ రెస్ట్ తీసుకోమంది కాబట్టి, అంచేత 26 వారాల సెలవులో పిల్ల పుట్టాక మిగిలింది 21 వారాలే, అంటే పిల్లకి ఐదు నెలలు కూడా నిండకుండానే మే మొదట్లో హైదరాబాద్ వెళ్లి జాయిన్ అవ్వాలి. అల్లుడు గారిది నైట్ షిఫ్ట్. దాంతో మేమిద్దరం మూటా ముల్లె సర్దుకుని మియాపూర్ వచ్చేశాం. ఇలా మనవల కోసం ఊళ్లు వదిలి ఫ్లాట్లలోకి వచ్చిన అమ్మమ్మలు తాతయ్యలు మా అపార్ట్‌మెంట్‌లోనే అరడజను మంది ఉన్నారు, సాయంత్రం కింద పార్కులో మా మీటింగు చూడాలి మీరు.

పుట్టిన దగ్గర్నుంచీ తల్లిపాలే తాగింది మా బుజ్జిది. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప నీళ్లు కూడా వద్దని డాక్టర్లు చెప్పారు, మేమూ అలాగే ఉన్నాం. అయితే మేం చేసిన తప్పేంటంటే పాలసీసా సంగతి ఆఖరి పది రోజుల దాకా పట్టించుకోలేదు, ఆ ఏముంది, నోట్లో పెడితే తాగుతుంది అనుకున్నాం. ఏప్రిల్ 20 దాటాక ఒకరోజు మా అమ్మాయి పంపుతో పాలు తీసి కొత్త సీసాలో పోసి తనే ఒళ్లో పడుకోబెట్టుకుని నోట్లో పెట్టింది. పిల్ల ఒకసారి చప్పరించి, మొహం అదోలా పెట్టి, నాలుకతో పాలపీకని బయటికి నెట్టేసింది. మళ్లీ పెడితే వెనక్కి విల్లులా వంగిపోయి ఒకటే ఏడుపు. మర్నాడూ అంతే. మూడో రోజుకి సీసా కనపడితేనే ఏడుపు మొదలెట్టింది, ఇంకా దగ్గరికి కూడా తేలేదు, గదిలోకి తెస్తేనే.

ఇక సలహాలు మొదలయ్యాయండీ. మెడికల్ షాపతను వేరే రకం పాలపీక అమ్మాడు, దాని తర్వాత ఇంకో రకం, మొత్తం మూడు కంపెనీల సీసాలు చేరాయి ఇంట్లో. ఒక చుట్టమావిడ ఫోన్లో పాలపీకకి తేనె రాసి పెట్టండి చప్పరించేస్తుంది అంది. ఇది మాత్రం ఎవరూ చెయ్యొద్దు, ఏడాది లోపు పిల్లలకి తేనె నాకించకూడదు, తేనెలో ఒకోసారి బోటులిజం అనే జబ్బు తెప్పించే క్రిమి బీజాలుంటాయి, పెద్దవాళ్ల పొట్ట వాటిని అణిచేస్తుంది గానీ పసిపిల్లల పేగుల్లో అవి పెరిగి విషం తయారుచేస్తాయి. మా పెద్దవాళ్లు పుట్టగానే తేనె నాకించారు మాకేం కాలేదు అంటారు, ఫుట్‌బోర్డు మీద వేలాడి వెళ్లినవాళ్లలో కూడా చాలామందికి ఏం కాలేదు, అలాగని నేను ఏ ప్యాసింజర్నీ వేలాడనివ్వలేదు. ఇంకొకావిడ ఆవుపాలలో నీళ్లు కలిపి పట్టెయ్యమంది, అదీ ఏడాది లోపు తల్లిపాలకి బదులుగా పట్టకూడదట.

అన్నిటికంటే ఎక్కువమంది చెప్పింది ఒకటే, మాడ్చండి, ఆకలేస్తే అదే తాగుతుంది అని. పక్క ఫ్లాట్ ఆవిడ చెప్పింది, మా తోడల్లుడు చెప్పాడు, చివరికి మా అమ్మాయి ఆఫీసులో కొలీగ్ కూడా అదే చెప్పిందట. మేమూ మనుషులమే కదా, జాయినింగ్ డేట్ దగ్గరికొస్తుంటే భయమేసి ఒకరోజు అదీ చేశాం. పొద్దున ఎనిమిదికి పాలిచ్చాక మళ్లీ తల్లి ఇవ్వకూడదు అని పంతం. పదకొండింటికి మొదలైంది ఏడుపు. సీసా పెడితే ఇంకా ఎక్కువ. పన్నెండున్నర అయ్యేసరికి గొంతు బొంగురుపోయింది, చొక్కా పట్టుకుని నా ఛాతీ మీద నోరు వెతుక్కుంటుందండీ ఆ పిల్ల, మా అమ్మాయి బాత్రూంలో ట్యాప్ తిప్పుకుని లోపల ఏడుస్తుంది, పాలొచ్చేసి నైటీ తడిసిపోయింది. చివరికి పిల్ల ఏడ్చి ఏడ్చి తాగకుండానే నిద్రపోయింది, అంతే తప్ప సీసా ముట్టలేదు. లేచాక తల్లి ఒళ్లోకి తీసుకుంటే వెక్కుతూ వెక్కుతూ తాగింది. ఆ రోజు తర్వాత రెండు రోజులు పాలపీక వాసన చూసినా ఒణికిపోయేది. అంటే మాడ్చడం వల్ల నేర్చుకోలేదు సరికదా, సీసా అంటే ఆకలీ ఏడుపూ అని దాని బుర్రలో పడిపోయింది. మాడిస్తే తాగే పిల్లలు ఎక్కడో ఉంటారేమో, నేను కాదనను, కానీ ఈ సలహా ఇచ్చేవాళ్లెవరూ ఆ రెండు గంటలు మన ఇంట్లో కూర్చోరు.

అప్పుడు మా ఆవిడకి వాళ్లక్కయ్య గుర్తొచ్చింది. ఆవిడ గవర్నమెంట్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు, ఎక్కువ సర్వీసు పసిపిల్లల వార్డులోనే. వీడియో కాల్ చేస్తే ముందు మమ్మల్ని నలుగురినీ కడిగిపారేశారు, తర్వాత ఒక్కటే అడిగారు, "మరిదిగారూ, ఆ సీసా ఒకసారి తలకిందులుగా పట్టుకోండి చూద్దాం" అని. పట్టుకుంటే చుక్కలు టపటపా వరసాగ్గా కారిపోతున్నాయి. "అదీ సంగతి, తల్లి దగ్గర అలా వస్తాయా" అన్నారు. తల్లి దగ్గర పిల్ల కాసేపు చప్పరిస్తే గానీ ధార రాదు, మధ్యలో ఆగుతుంది, మళ్లీ వస్తుంది, పిల్ల తన ఇష్టప్రకారం లాక్కుంటుంది. సీసాలో మాత్రం నోట్లో పెట్టీపెట్టగానే పాలు గొంతులోకి వచ్చి పడతాయి, దానికి ఉక్కిరిబిక్కిరై భయపడుతుంది. మేం డబ్బా మీద నెలలు చూసి ఐదో నెల కదా అని ఎక్కువ ధార వచ్చే పాలపీక కొన్నాం. తల్లిపాలు తాగే పిల్లకి అన్నిటికంటే చిన్న కన్నం ఉన్నదే, అప్పుడే పుట్టిన పిల్లలకి అమ్మేదే, పెట్టాలట, నెలలతో పనిలేదట.

రెండోది, తల్లి ఇవ్వకూడదు. అసలు తల్లి ఇంట్లోనే ఉండకూడదు. పాలు వాసన కొట్టే తల్లి ఒళ్లో కూర్చోబెట్టి రబ్బరు నోట్లో పెడితే పిల్ల ఎందుకు ఒప్పుకుంటుందండీ, విందు భోజనం ఎదురుగా పెట్టి మరమరాలు తినమన్నట్టు. దాంతో ఆ డ్యూటీ నాకు పడింది. నేను చొక్కా మీద మా అమ్మాయి పాత నూలు చీర ముక్క ఒకటి వేసుకునేవాణ్ని, అదీ వదిన గారి ఐడియానే, ఆ వాసనకి కొంచెం కుదురుగా ఉండేది. మూడోది టైము. ఏడుస్తున్నప్పుడు కాదు, కడుపు మాడుతున్నప్పుడు అసలే కాదు, తల్లి దగ్గర తాగి గంటా గంటన్నర అయ్యి హుషారుగా ఆడుకుంటున్నప్పుడు ఒక 20 ఎమ్మెల్ పోసుకుని ఆట లాగా ఇవ్వాలి. పాలపీకని గోరువెచ్చని నీళ్లలో ముంచి, కింది పెదవికి తాకించి ఊరుకోవాలి, నోట్లోకి తొయ్యకూడదు, తనే నోరు తెరవాలి. పిల్లని నిటారుగా కూర్చోబెట్టుకోవాలి, సీసాని దాదాపు అడ్డంగా పట్టుకోవాలి, పాలపీక చివర పాలుంటే చాలు, నాలుగైదు గుక్కలకోసారి సీసా కిందికి వంచి ఊపిరి తీసుకోనివ్వాలి. మొహం తిప్పేస్తే అక్కడితో బంద్. ఏడుపు మొదలైతే అసలు సీసా కనపడకుండా దాచెయ్యాలి, మళ్లీ రేపే.

ఇన్ని చెప్పి చివర్లో ఆవిడ ఒక మాటన్నారు, సీసాయే ఎందుకర్రా, ఇంట్లో ఉగ్గుగిన్నె లేదా అని.

ఉంది! బారసాలకి మా బావమరిది వెండి ఉగ్గుగిన్నె పెట్టాడు, బీరువాలో పట్టు బట్టల మధ్య ఉంది. అంటే మేం మూడు సీసాలకి డబ్బు తగలేసి ఇంట్లో ఉన్నదాన్ని షోకి దాచుకున్నాం అన్నమాట. ఆసుపత్రుల్లో నెలలు నిండకుండా పుట్టి చప్పరించే శక్తి లేని పిల్లలకి ఇప్పటికీ ఇలాంటి ముక్కు ఉన్న గిన్నెతోనే పాలు పడతారట, పాలడై అంటారట, తమిళం మాట. దానికి మూలలు ఉండవు, పాలపీక ఉండదు, తోముకుని మరిగించుకోవడం తేలిక, సీసా మెడలో పేరుకునే జిడ్డు బాధ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్లు కూడా పాలు పిండి పట్టాల్సి వస్తే సీసా కంటే గిన్నె లేదా కప్పు మేలంటారు. కాకపోతే మా అమ్మ పట్టినట్టు పట్టకూడదు. మా అమ్మ కాళ్లు చాపుకుని పిల్లాణ్ని కాళ్ల మధ్య వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు మూసినంత పని చేసి గడగడా పోసేసేది, మా తమ్ముడు ఒకసారి పొరబోయి నీలంగా అయిపోయాడు, నాకు గుర్తుంది. గిన్నె అంచు కింది పెదవి మీద ఆనించి పాలు పెదవికి తగిలేలా వంచితే చాలు, పిల్లే నాలుకతో లాక్కుంటుంది. పోసేది మనం కాదు, తాగేది తను.

ఏప్రిల్ 29 అనుకుంటా, పొద్దున పది పదిన్నర. మా అమ్మాయి కింద పార్కులో కూర్చుంది, మేం ఫోన్ చేసే దాకా పైకి రావద్దని ఆర్డర్. నేను బాల్కనీలో కుర్చీ వేసుకుని బుజ్జిదాన్ని తొడ మీద కూర్చోబెట్టుకున్నాను, ఎదురుగా వేపచెట్టు మీద కాకి ఒకటి, దాన్ని చూపిస్తూ ఉగ్గుగిన్నె పెదవికి ఆనించాను. నాలుక బయటికొచ్చింది, పాలు తగిలాయి, ఆగింది, నా మొహంలోకి అనుమానంగా చూసింది, సరిగ్గా టికెట్ లేని ప్యాసింజర్ నన్ను చూసినట్టు. మళ్లీ నాలుక. సగం పాలు గడ్డం మీంచి కారి నా లుంగీ మీద పడ్డాయి గానీ సగం లోపలికి వెళ్లాయి. లోపల కుక్కర్ కూత పెడితే మా ఆవిడ పరిగెత్తుకెళ్లి ఆపేసింది, ఎక్కడ బెదిరిపోతుందోనని. 15 ఎమ్మెల్ తాగిందండీ, మూడు చెంచాల పాలు, నేను కింద ఉన్న మా అమ్మాయికి బాల్కనీలోంచి కేకేసి చెప్పాను, వాచ్‌మన్ కూడా తలెత్తి చూశాడు.

అక్కడితో కథ సుఖాంతం అనుకోకండి. జాయినైన మొదటి వారం పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఆరున్నర దాకా మొత్తం కలిపి 100, 120 ఎమ్మెల్ కంటే తాగేది కాదు, మాకు గుండెలు పీచుపీచుమనేవి. తల్లి గుమ్మంలోకి రాగానే అతుక్కుపోయేది, రాత్రంతా రెండు గంటలకోసారి లేచి తాగేది. డాక్టర్ని అడిగితే కొంతమంది పిల్లలు ఇలా పగటి లెక్క రాత్రి సరిచేసుకుంటారు, రోజుకి ఆరు అంతకంటే ఎక్కువసార్లు ఒంటేలు పోస్తుందా, బరువు పెరుగుతుందా చూసుకోండి చాలు అన్నారు. నేను క్యాలెండర్ మీద గీతలు పెట్టేవాణ్ని, ట్రిప్ షీట్ రాసిన అలవాటు కదా.

ఇంకో చిక్కు కూడా వచ్చింది, ఇది ఎవరూ చెప్పరు. తాజాగా తీసిన పాలు తాగే పిల్ల నిన్న తీసి ఫ్రిజ్‌లో పెట్టినవి మాత్రం తుపుక్కున ఊసేసేది. మొండితనం అనుకున్నాం. ఒకరోజు నాకు అనుమానం వచ్చి చెంచాతో నేనే రుచి చూశాను, అల్లుడు గారు అప్పుడే నిద్ర లేచి వంటింట్లోకొచ్చి నన్ను చూసి ఆయన మొహం పెట్టిన తీరు ఇంక చెప్పక్కర్లేదు, కానీ సంగతి తేలింది, సబ్బు వాసన! పాలు చెడిపోలేదు, తల్లిపాలలో లైపేజ్ అని కొవ్వుని విడగొట్టే పదార్థం ఉంటుంది, కొంతమంది పాలు నిలవ ఉంటే దాని వల్ల ఆ వాసన వస్తుందట, తాగితే ప్రమాదం ఏమీ లేదు గానీ కొందరు పిల్లలకి నచ్చదు. తీసిన వెంటనే గిన్నెలో పోసి అంచుల దగ్గర చిన్న చిన్న బుడగలు వచ్చే దాకా కాచి, మరగనివ్వకుండా దింపి, గబగబా చల్లార్చి ఫ్రిజ్‌లో పెడితే వాసన రాదు. వాసన వచ్చేశాక కాచి లాభం లేదు. కాస్తే పాలలో కొన్ని మంచి గుణాలు తగ్గుతాయి కాబట్టి ఈ ఇబ్బంది ఉన్నవాళ్లే కాచుకోవాలి, అందరూ కాదు.

నిలవ లెక్కలు కూడా రాసేస్తాను. గది చల్లగా, 25 డిగ్రీల్లోపు ఉంటే బయట నాలుగు గంటలు, మన మే నెల ఎండలో ఆ లెక్క నమ్ముకోకుండా తిన్నగా ఫ్రిజ్‌లోకే. ఫ్రిజ్‌లో నాలుగు రోజులు, తలుపు అరలో కాదు లోపలి వైపు. ఎంగిలి పడ్డాక మిగిలినవి రెండు గంటల్లో వాడాలి లేదంటే పారబొయ్యాలి, మా ఆవిడకి ప్రాణం ఒప్పేది కాదు పారబొయ్యడానికి. వెచ్చబెట్టడం వేణ్నీళ్ల గిన్నెలో పెట్టి మాత్రమే, మైక్రోవేవ్‌లో వద్దు, ఒకచోట చల్లగా ఒకచోట నోరు కాలేంత వేడిగా ఉంటాయి.

ఇంత కష్టపడి ఇంట్లో మేం నేర్పిస్తే ఆఫీసులో జరిగింది వేరు. 2017లో చట్టం మార్చినప్పుడు సెలవు 26 వారాలకి పెంచడంతో పాటు 50 మంది అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట క్రెష్, అంటే పగలు పసిపిల్లల్ని చూసుకునే కేంద్రం, ఉండాలి, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డని చూసుకోవచ్చు అని పెట్టారు. అంతకు ముందునుంచీ బిడ్డకి 15 నెలలొచ్చే దాకా పాలివ్వడానికి రోజుకి రెండు బ్రేకులు ఇవ్వాలనీ ఉంది. మా అమ్మాయి ఆఫీసు పేరు రాయను, వందల మంది ఉంటారు, క్రెష్ ఉందా అంటే టై-అప్ ఉందన్నారు, ఎక్కడ అంటే ఎనిమిది కిలోమీటర్ల అవతల. పాలు తీసుకోవడానికి గది అడిగితే పాత కంప్యూటర్లు పడేసిన స్టోర్ రూమ్ చూపించారు, దానికి లోపల గడియ లేదు. నెల రోజులు ఒక ఫ్రెండ్ బయట తలుపుకి ఆనుకుని నిలబడితే లోపల పంపు పెట్టుకుంది. ఫ్రెండ్ సెలవు పెట్టిన రోజు బాత్రూంలో తీసి సింకులో పారబోసింది. నేను డ్యూటీ చేసే రోజుల్లో మా డిపోలో ఒక లేడీ కండక్టర్ ఉండేది, అప్పట్లో 12 వారాలే సెలవు, వాళ్లమ్మ బిడ్డని ఎత్తుకుని ట్రిప్పు టైముకి బస్టాండ్‌కి వచ్చి నిలబడేది, బస్సు ఆగిన పది నిమిషాల్లో వెనక సీట్లో కూర్చుని పాలిచ్చేది, డ్రైవర్ హారన్ కొట్టకుండా కాసుకుని ఉండేవాడు. ఆ పాత ఎర్రబస్సులో దొరికిన మర్యాద ఈ అద్దాల బిల్డింగులో దొరకలేదండీ.

ఇక మీకు చెప్పాలనుకున్నది. 1992లో వచ్చిన చట్టం ప్రకారం పాలపొడికీ పాలసీసాలకీ ప్రకటనలివ్వడం, ప్రచారం చెయ్యడం నేరం, మంచి చట్టం, నేను దానికి దణ్ణం పెడతాను. అందుకేనేమో పేపర్లు ఈ సీసా మాటే ఎత్తవు. కంపెనీ పేరు పెట్టి అమ్ముకోవద్దంది గానీ తల్లిపాలనే ఎలా పట్టాలో తల్లులకి చెప్పొద్దని చట్టం అనలేదు కదా. మీ డాక్టర్ల కాలమ్‌లో ఒక్క ఆదివారం ఈ విషయం రాయించండి, ఉగ్గుగిన్నె ఎలా పట్టుకోవాలో బొమ్మ వేయించండి, సెలవు ఐపోవడానికి రెండు మూడు వారాల ముందే మొదలెట్టమని చెప్పించండి.

మా బుజ్జిదానికి ఏడో నెలలో అన్నప్రాశన చేశాం. ఐదో నెలలో చేసెయ్యమని మా వాళ్లు గొడవ, ఆడపిల్లకి బేసి నెల కదా, ఐదు కాకపోతే ఏడు కూడా బేసే అని నేనే తీర్పు చెప్పాను, అప్పటికి డాక్టర్ చెప్పిన ఆరు నెలలూ నిండాయి. ఇప్పుడు పగలు రెండు పూటలా మెత్తటి పప్పన్నం తిని, ఉగ్గుగిన్నె దాటిపోయి చిన్న స్టీలు గ్లాసుతో పాలు తాగుతుంది, సగం నా మీదే పోస్తుంది. సీసా కూడా జూన్‌లో ఒకరోజు దానంతట అదే పట్టుకుని తాగింది, అప్పటికి మాకు దాని అవసరం తీరిపోయింది. మిగతా రెండూ డబ్బాల్లోనే ఉన్నాయి.

పేరు వెయ్యొద్దండీ, మా అమ్మాయికి ఆఫీసులో ఇబ్బంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కండక్టర్,
కాకినాడ (ప్రస్తుతం మియాపూర్)